తెగిన నడికట్టు

నేను ఒక పిరికిదాన్ని. లెన్సునన్న సంగతి ఆ తర్వాత. మూరెడు పొడవు, పెద్ద చెంబంత మూతి, పురిట్లో బిడ్డంత బరువు. దూరాన ఉన్నదాన్ని దగ్గరకు లాగి చూపించడం నా పని. చూపించడం ఏమంత కష్టం కాదు. నేను చూపించినదాన్ని మనుషులు నమ్ముతారే, అక్కడే నాకు వణుకు.

ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. నేను పుట్టింది చలి దేశంలో. తెల్ల కోట్ల మనుషులు నా అద్దాలను నెలల తరబడి నున్నగా రుద్దారు. వెంట్రుకను వెయ్యి చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత తేడా కూడా ఉండకూడదట. పొడుగాటి గదిలో ఆ చివర గళ్ళ కాగితం అంటించి, ఈ చివర నన్ను నిలబెట్టి చూశారు. ఒక్క గీత కూడా వంకర పోలేదు. తృప్తిగా తలలూపి పెట్టెలో పెట్టారు. నాకూ ఆ కాగితానికీ మధ్య గాలి ఉందనే సంగతి ఆ గదిలో ఎవరికీ తోచలేదు. చల్లటి గదిలో గాలి ఉన్నా లేనట్టే. నాకూ తోచలేదు.

మొదట నన్ను కొన్నది బెంగుళూరులో పింఛను తీసుకుంటున్న శేషాద్రి అనే ఇంజనీరు. ఆయనకు పిట్టలంటే ప్రాణం. తెల్లవారుజామున లేచి, మంకీ టోపీ పెట్టుకుని, నన్ను భుజాన వేసుకుని బయలుదేరేవాడు. యాభై అడుగుల్లో కొమ్మ, కొమ్మ మీద పిట్ట. ఈక ఈకా లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. ఆయన స్నేహితులు ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఎనిమిదేళ్ళు అట్లా గడిచాయి. లోకంలో నాకు తెలియనిది లేదనుకున్నాను.

చలికాలంలో ఆయన ఎర్రకనుమ గుట్టల్లో పెద్ద గుడ్లగూబను తీయడానికి వచ్చేవాడు. అక్కడ ఆయన్ను మోటారు సైకిల్ మీద తిప్పేవాడు దస్తగిరి. బస్టాండు పక్కన రేకుల కొట్టులో ఫొటో స్టూడియో అతనిది. ఒక ఏడాది ఇంజనీరు గారి మోకాళ్ళు ఇక చాలన్నాయి. నన్ను స్టూడియో బల్ల మీద దింపి, "నా వల్ల కాదు దస్తగిరీ. నువ్వుంచుకో. నీకు కొండలు ఇష్టం కదా" అని, బెంగుళూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి ఆయన నా వైపు కాక, నన్ను మోసిన తన భుజం వైపు చూసుకున్నాడు.

దస్తగిరి నలభై దాటిన మనిషి. మాట తక్కువ. పెళ్ళిళ్ళు, పింఛను ఫొటోలు, బడి పిల్లల కార్డులు అతని బతుకు. పని లేనప్పుడు కొండలను తీసేవాడు. వాటిని ఎవరూ కొనరు. అయినా తీసేవాడు. నా మూతి అద్దాన్ని అతను తుడిచే తీరు, తల్లి బిడ్డ కంట్లో నలుసు తీసినట్టుండేది.

ఎర్రకనుమకు పడమర రెండు మైళ్ళలో గుండుకొట్టాల ఉంది. పదకొండు ఇళ్ళు. వాటి వెనక నిలువు కొండ. కొండ నెత్తిన ఒంటిగా కూర్చున్న రాయి, ఏనుగు గుండు. పేరుకే ఏనుగు, నాలుగు ఏనుగులు పడతాయి అందులో. తాతల కాలం నుంచి వాళ్ళకొక ఆచారం. ఏటా ఉగాదికి ముందు రోజు నలుగురు మగవాళ్ళు ఒక్కపొద్దుండి కొండెక్కుతారు. గుండుకూ, అది కూర్చున్న బండకూ కలిపి అడ్డంగా, ఏటవాలుగా వెడల్పాటి సున్నం పట్టె తీస్తారు. దాన్ని నడికట్టు అంటారు. నడికట్టు కడితే గుండు లేవదట. కట్టు తెగితే ఇళ్ళు విడిచిపొమ్మని అర్థమట. ఎవరు మొదలుపెట్టారో గానీ తెలివైనవాళ్ళు. గుండు జానెడు జారినా పట్టె రెండు ముక్కలవుతుంది.

పోయిన ఉగాది తర్వాత కొండ వెనకవైపుకు రాళ్ళు కొట్టేవాళ్ళు వచ్చారు. కొండెక్కే దారికి ముళ్ళకంచె వేసి మనిషిని కాపలా పెట్టారు. రోజూ సాయంత్రం నాలుగింటికి మందు పెట్టి పేలుస్తారు. గుండుకొట్టాలలో గిన్నెలు వాటంతటవే మోగేవి. ఈ ఏడు ఉగాదికి ఎవరూ కొండెక్కలేకపోయారు. పాత కట్టే వెలిసిపోయి ఉంది. అది కూడా కింద ఇళ్ళవాళ్ళకు కనబడదు, మధ్యలో బండ అంచు అడ్డం. కనబడేది ఎర్రకనుమ నుంచే. అంత దూరం ఆనేది నా కంటికే.

అట్లా పదకొండు ఇళ్ళ ప్రాణాలు నా మూతి మీదికి వచ్చాయి.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం దస్తగిరి పొద్దున పనంతా ముగించుకుని నన్ను తీసుకెళ్ళాడు. రోడ్డు వారగా వేపచెట్టు నీడలో స్టాండు నిలబెట్టాడు. మనిషికి నీడ దొరికితే చాలు, పని సగం అయిపోయినట్టే. నా చూపు పోవాల్సిన దారిలో కోళ్ళ షెడ్డు ఉంది. రెండు వందల అడుగుల రేకుల కప్పు, నడినెత్తి ఎండలో. దాని అవతల దున్ని వదిలేసిన వేరుశనగ చేలు, కాలిన పెనం మాదిరి. ఆ చేల అవతల కొండ.

నా జీవితంలో మొదటిసారి గాలిని చూశాను.

అన్నం ఉడికే గిన్నె మీద గాలి ఆడినట్టు రేకుల మీద సెగ ఆడుతోంది. దాంట్లోంచి చూస్తే కొండ నీళ్ళలో పడ్డ నీడలా ఉంది. గుండు ఒకసారి పొడుగ్గా సాగింది, ఒకసారి పొట్టిగా నలిగింది. నడికట్టు మూడు ముక్కలై, నడిమి ముక్క పైకి లేచింది, కిందికి దిగింది. అది గుండు కదలడం కాదు, గాలి కదలడం. నాకు తెలుస్తూనే ఉంది. మూత పెట్టు, నా లోంచి చూడొద్దు, అని అరవాలనిపించింది. నాకు కన్నే ఇచ్చారు, నోరివ్వలేదు.

దస్తగిరి ఆరు ఫొటోలు తీశాడు. ఒకదాన్ని పెద్దది చేసి చూశాడు. కట్టు తెగి ఉంది. రెండోది చూడలేదు. నన్ను సంచిలోకి తోసి బండి తీశాడు.

"నడికట్టు తెగింది. లేయండి" అన్నాడు గుండుకొట్టాల వీధిలో. అరవను కూడా అరవలేదు. ఆ నెమ్మదికే జనం జడుసుకున్నారు. కుండలు, ట్రంకు పెట్టెలు, గొర్రెలు, మంచం పట్టిన ముసలాయన, అందరూ చేలోకి వచ్చారు. మోకాలెత్తు నీడ లేదు. కుళ్ళాయప్ప కూతురు పన్నెండు రోజుల బాలింత. చీర పరిచి నాలుగు కర్రల మీద నీడ కట్టి, దాని కింద పసిబిడ్డతో కూర్చోబెట్టారు. నాలుగింటికి మందు పేలింది. గుండు కదల్లేదు. పొద్దు వాలాక దస్తగిరి ఎర్రకనుమకు తిరిగొచ్చి మళ్ళీ నా లోంచి చూశాడు. నడికట్టు ఒక్క తీగలా ఉంది, ఎక్కడా తెగలేదు.

బిడ్డకు వడదెబ్బ తగిలింది. మూడు రోజులు ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. బతికింది. ఆ మూడు రోజులు దస్తగిరి కొట్టు తెరవలేదు. నేను సంచిలో ఉండి అతని నడక విన్నాను, ఈ గోడ నుంచి ఆ గోడకు.

నాలుగో రోజు కుళ్ళాయప్ప వచ్చాడు. వేరుశనగ రైతు, యాభై ఏళ్ళవాడు, ఎవరి జోలికీ పోని మనిషి.

"ఏమప్పా దస్తగిరీ, నీ గొట్టంలో ఈపొద్దు ఏం తెగిందంట?"

"ఏం లేదన్నా."

"నా మనవరాలి పేగు తెగబోయింది. అది కనపడిందా దాంట్లో?"

దస్తగిరి తల వంచుకున్నాడు.

"బాగానే ఉండాది కదా గొట్టం. పెండ్లిళ్ళలో ముసలోళ్ళ పండ్లు ఎన్ని ఉండాయో ఎంచుకో దాంతో. మా కొండ జోలికి రావద్దు" అని వెళ్ళిపోయాడు.

ఇంకొకరైతే నన్ను అటకెక్కించేవాళ్ళు. దస్తగిరి అట్లా చేయలేదు. మర్నాడు మధ్యాహ్నం అదే వేపచెట్టు కింద నిలబెట్టి, కొండను కాదు, చేలో ఉన్న కరెంటు స్తంభాన్ని పది ఫొటోలు తీశాడు. సిమెంటు స్తంభం, అంతకన్నా నిటారైనది ఆ చుట్టుపక్కల లేదు. పది ఫొటోల్లో పది రకాలుగా వంగింది. మళ్ళీ తెల్లవారి, ఎండ పొడవకముందు అదే స్తంభాన్ని తీశాడు. గూటంలా నిటారుగా ఉంది. చాలాసేపు ఆ ఫొటోలను పక్కపక్కన పెట్టుకుని చూశాడు. తర్వాత నా మూతి తుడుస్తూ, "తప్పు నీది కాదులే, నేను పిలిచిన వేళది" అన్నాడు. నాతో అతను మాట్లాడింది అదొక్కసారే.

అప్పటి నుంచి అతను పనిని మొదటి నుంచి నేర్చుకున్నాడు. వేపచెట్టు వదిలేశాడు. కోళ్ళ షెడ్డు అడ్డం రాకుండా ఊరి ఉత్తరాన దిబ్బ ఎక్కాడు. నేలకు ఎంత ఎత్తున చూపు పోతే సెగ అంత తక్కువ. కొట్టులో నుంచి తెచ్చిన వెంటనే ఫొటో తీయడం మానేశాడు. నన్ను దిబ్బ మీద అరగంట ఊరికే ఉంచేవాడు, బయటి గాలి నా లోపలికి పట్టేదాకా. లేకపోతే నా మూతి దగ్గరే ఒక చిన్న సెగ పుడుతుంది. తెల్లారగట్ల, నేలా గాలీ ఒకే చల్లదనంలో ఉన్న ఆ కాసేపట్లోనే తీసేవాడు. కొండ మీద మొదటి ఎండ పడ్డాక ఇంకొక్క గడియ. ఆ తర్వాత మూత.

సెగ తోడబుట్టిందే మసక. కందికట్టె కాల్చిన పొగ, క్వారీ దుమ్ము, ఎండాకాలపు ధూళి. మసక దొంగ, వస్తువును కొంచెం కొంచెంగా ఎత్తుకుపోతుంది. ముందు సున్నం పట్టె పోతుంది, తర్వాత గుండు, తర్వాత కొండ. పోయిందని తెలుస్తుంది కాబట్టి మనిషి జాగ్రత్తపడతాడు. సెగ అట్లా కాదు. వస్తువును అక్కడే ఉంచి దాని మీద చాడీలు చెబుతుంది. మసక ఉన్న రోజు దస్తగిరి ఫొటో తీయకుండా తిరిగి వచ్చేవాడు. గాలి వీచేదాకా, చినుకు పడేదాకా ఆగేవాడు. అట్లా ఇరవై రోజులు. కట్టు నిండుగానే ఉంది. ప్రతి తెల్లారీ అతను నా కంటికి కన్ను ఆనించినప్పుడు, ఈపొద్దు ఏం చూడాల్సి వస్తుందోనని నాకు లోపల బిగుసుకుపోయేది.

ఇరవై ఒకటో నాటి ముందు సాయంత్రం గట్టి వాన పడింది. తెల్లారేసరికి కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "కొండ దగ్గరికొచ్చింది చూడే" అనుకుంటున్నారు. గాలి కడిగిన గాజులా ఉంది. దిబ్బ మీద నుంచి గుండు మీది నల్ల చారలు కూడా ఆనుతున్నాయి. నడికట్టు చూశాను.

బండ మీద ఉన్న సగం ఉన్నచోటే ఉంది. గుండు మీది సగం జానెడు కిందికి దిగి ఉంది.

దస్తగిరి నా గురి మరోసారి సరిచూశాడు. ఫొటో తీశాడు. పది అంకెలు లెక్కపెట్టి ఇంకొకటి తీశాడు. మళ్ళీ పది. అట్లా పన్నెండు. కొట్టుకు పోయి పన్నెండింటినీ కాగితాల మీద వేశాడు. వాటితోపాటు ఆ పాపిష్టి మధ్యాహ్నం తీసిన ఆరు కూడా వేశాడు. నన్ను సంచిలో వేసుకుని బయలుదేరాడు. నన్నెందుకు తీసుకెళ్ళాడో తెలియదు. సాక్షిని వెంట తీసుకుపోయే అలవాటు కాబోలు.

కుళ్ళాయప్ప ఇంటి ముందు మంచం మీద కూర్చుని పలుపు తాడు పేనుతున్నాడు. జనం మూగారు.

"మల్లా తెగిందా?" అన్నాడు కుళ్ళాయప్ప, తాడు మీది నుంచి కన్ను ఎత్తకుండా.

"తెగిందన్నా."

"పోయినసారి ఎండ ఆడిచ్చిందని ఊళ్ళో చెప్తివంట. ఈసారి వాన ఆడిచ్చిందేమో."

కొందరు నవ్వారు. దస్తగిరి సంచిలోంచి కాగితాలు తీశాడు. నులక మంచం మీద ఒక పక్క ఆరు కాగితాలు, ఒక పక్క పన్నెండు పరిచాడు. వాటి మీదికి వంగింది సుంకమ్మ అవ్వ. ఊళ్ళో అందరికన్నా పెద్దది, అక్షరం రానిది, మేకలు కాసే మనిషి. ఆరింటినీ ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. ఒకదాంట్లో కట్టు మూడు తునకలు, ఒకదాంట్లో రెండు, ఒకదాంట్లో అసలు తెగనేలేదు. తర్వాత పన్నెండూ తడిమింది. చాలాసేపు పట్టింది.

"ఇవి ఒగదానికొగటి పొంతన లేదు నాయనా" అంది ఆరింటిని చూపి. "పంచాయితీల్లో ఎంతమందిని చూడలేదు నేను. అబద్ధమాడేవాడు అడిగినప్పుడల్లా మాట మారుస్తాడు. ఇవి చూడు. పన్నెండు మార్లు అడిగినాడు, పన్నెండు మార్లూ ఒగటే చెప్పినాయి."

అవ్వ తన ఇంటికి పోయి మేకల తాళ్ళు విప్పింది. ఆమె వెనక ఒక ఇల్లు, దాని వెనక ఇంకొక ఇల్లు. మధ్యాహ్నానికి పది ఇళ్ళు ఎర్రకనుమ బడి వరండాకు చేరాయి. కుళ్ళాయప్ప కూడా భార్య మారెక్కనూ, కూతురినీ, మనవరాలినీ పంపాడు. తను చివర్న వచ్చాడు.

మనుషుల సంగతి నాకు అప్పటికి కొంత తెలుసు. ప్రమాదం వెంటనే జరిగితే మొక్కుతారు. ఒక రోజు ఆలస్యమైతే తిడతారు. రెండో రోజుకే వరండాలో సణుగుడు మొదలైంది. దోమలు, నీళ్ళ వరస, ఉక్క. దస్తగిరి అటు పోతే మాటలు ఆగిపోయేవి. నాకు గుండు పడుతుందేమోనని భయం. పడదేమోనని ఇంకొక భయం. రెండోది సిగ్గుపడాల్సిన భయం. కానీ ఉండింది.

కుళ్ళాయప్పకు వేరే లెక్క ఉంది. "మందు పేలేది నాలుగింటికి. కదిల్తే అప్పుడే కదలాల. పగలు పూట మా మట్టిమిద్దెలో ఒగ గంట నడుం వాల్చి, మూడింటికంతా వచ్చేస్తా" అన్నాడు భార్యతో. "ఈ రేకుల కింద ఉడికేదానికంటే అదే మేలు."

"నీ ఇష్టమా అంతా?" అంది మారెక్క.

"మనవరాలి నుదుటి మీద చెమటకాయలు చూడు. దాని ఉయ్యాల కూడా తీసుకొస్తాలే" అని నడిచి వెళ్ళిపోయాడు. మొదటి రోజు వెళ్ళి వచ్చాడు. రెండో రోజు కూడా. మూడో రోజు అతను బయలుదేరిన సంగతి మారెక్క వచ్చి దస్తగిరికి చెప్పింది. ఇంటికంతా ఉన్న ఒక్క ఫోను ఆమె కొంగుకే ఉంది.

దస్తగిరి ఆ వేళ నన్ను తీయకూడదని నేర్చుకున్న మనిషి. అయినా తీశాడు. దిబ్బ ఎక్కి, నన్ను కొండకు కాక, కింద ఇళ్ళకు గురిపెట్టాడు. నడిమధ్యాహ్నం. చేలన్నీ పెనాలై కాలుతున్నాయి. గుండుకొట్టాల అంతా ఉడుకుతున్న నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. గోడలు ఊగుతున్నాయి. కుళ్ళాయప్ప వాకిలి ఒక నల్లటి చీలిక, వెడల్పవుతోంది, సన్నబడుతోంది. ఆ చీలికలో ఏదో నల్లగా కదిలింది. మనిషో, మేకో, తలుపు నీడో. దస్తగిరి ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

అప్పుడే పైన పెళుక్కుమన్న చప్పుడు. మందు కాదు, ఇంకా ఒంటిగంటే. ఎండకు బండ పగిలిన చప్పుడు. మాకు అది చేరేసరికే అక్కడ గుండు లేదు. నేను దాన్ని పడుతుండగా చూడలేదు, నా గురి ఇళ్ళ మీదే ఉంది. ఎర్రటి దుమ్ము లేచి వాకిలిని కప్పేసింది. దుమ్ము పైకి, పక్కలకు, మా వైపుకు వచ్చింది. దస్తగిరి నన్ను అక్కడే వదిలి పరిగెత్తాడు. స్టాండు మీద ఒంటిగా నిలబడి, దుమ్ములోకి చూస్తూ ఉండిపోయాను. నా మూతికి మూత పెట్టేవాళ్ళు లేరు.

నలభై ఏడుగురిలో నలభై ఆరుగురు మిగిలారు. ఆ మాట చెప్పి ఊరంతా దస్తగిరి చేతులు పట్టుకుంది. అతను చేతులు విడిపించుకుని వచ్చేశాడు.

తొమ్మిదో రోజు మారెక్క కొట్టుకు వచ్చింది. పెద్దకర్మకు ఫొటో కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ గుండు కింద పోయాయి.

"ఓటరు కార్డుదైతే తెప్పించి పెద్దది చేస్తానక్కా" అన్నాడు దస్తగిరి.

"ఆపొద్దు నువ్వొకటి తీసినావంట కదా, దిబ్బ మీద నుంచి."

అతను ఎవరికీ చెప్పలేదు. దిబ్బ కింద గొర్రెలవాళ్ళు చూసి ఉంటారు. దస్తగిరి కంప్యూటరు తెర మీద ఆ ఫొటో తెరిచాడు. ఊగిపోతున్న మట్టిరంగు. మధ్యలో నల్ల చీలిక. చీలికలో నల్లటి చుక్క, కరిగిన మసిబొట్టులా.

మారెక్క తెరకు దగ్గరగా కూర్చుంది.

"దస్తగిరీ. బయటికొస్తాండాడా, లోపలికి పోతాండాడా?"

అల్మారాలో ఉండి విన్నాను. అతను ఏమంటాడోనని నా అద్దాలు పట్టు తప్పుతాయనిపించింది. ఆ ఫొటో నాది. అందులో రావడమూ లేదు, పోవడమూ లేదు. మనిషే ఉన్నాడో లేదో నేను చెప్పలేను.

"బయటికొస్తాండాడక్కా" అన్నాడు దస్తగిరి.

ఆమె తల ఊపింది. తెర మీద వేలు పెట్టింది. "అవును. ఇదో, కాలు. గడప దాటి పెట్టినాడు." కొంగుతో మొహం తుడుచుకుని, "ఇదే పెద్దది చెయ్యి" అంది.

పెద్దది చేసేకొద్దీ ఆ ఫొటోలో ఉన్నది తగ్గిపోయింది. చివరకు ఒక మట్టి మరక మిగిలింది. దస్తగిరి దానికి మంచి టేకు చట్రం వేయించాడు. పదకొండో రోజు దానికి పూలదండ వేశారు. వచ్చిన చుట్టాలు ఇందులో మనిషి ఎక్కడని అడిగితే, మారెక్క ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా వేలుపెట్టి కాలు చూపించిందట. చూసినవాళ్ళంతా అవునన్నారట.

దస్తగిరి కొట్టుకు వచ్చి నాకు మూత పెట్టాడు. మళ్ళీ తీయలేదు. ఇప్పుడు నా అద్దాల లోపల బూజు సన్నని వేర్లు పోస్తోంది. నేను ఆ వాకిలినే చూస్తూ ఉంటాను. ఎంత చూసినా నాకు కాలు కనబడదు.